వడ్ల పైసల మెసేజ్ వచ్చే ఫోన్‌లో గేమ్: ఏ పర్మిషన్ ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు

దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు చాలా ఇళ్లలో మంచి ఫోన్ ఒక్కటే ఉంటుంది. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కాంటా అయినంక పైసలు పడ్డ మెసేజ్ దానికే వస్తుంది. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగ్, బడి వాట్సాప్ గ్రూపు అన్నీ దాంట్లోనే. బాపు పొలం నుంచి వచ్చి చార్జింగ్ పెట్టగానే అదే ఫోన్ పిలగాడి చేతికి పోతుంది. పుణె, ముంబయి పనులకు వలస పోయినవాళ్ల పాలమూరు ఇళ్లలోనైతే సిమ్ అవ్వ పేరు మీద, ఆడేది మనుమడు. తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్నకూ ‘అలో’ నొక్కేది కూడా మనుమడే.

అందుకే గేమ్ మంచిదా చెడ్డదా అని చూసేముందు, అది ఏ ఫోన్‌లో ఉందో చూడండి. ఒకే గేమ్‌కు ఒకే పర్మిషన్ ఇచ్చినా, సిమ్ లేని పాత ఫోన్‌లో అయితే పోయేది తక్కువ. ఫోన్‌పే, గూగుల్ పే ఉన్న ఫోన్‌లో అయితే పోయేది ఒక పంట పైసలు కావచ్చు. కింద చెప్పేదంతా ఈ రెండో రకం ఫోన్‌ను మనసులో పెట్టుకుని చెప్పేదే.

ముందు బటన్ల సంగతి

ఆండ్రాయిడ్ 6 (2015) నుంచి యాప్ ఒక్కో పర్మిషన్ విడిగా అడగాలి. ఆ తర్వాత వచ్చిన వెర్షన్లలో జవాబులు కూడా పెరిగాయి. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అనేది లొకేషన్‌కు ఆండ్రాయిడ్ 10 తో వచ్చింది. ‘ఈసారి మాత్రమే’ అనేది లొకేషన్, మైక్, కెమెరాలకు ఆండ్రాయిడ్ 11 తో వచ్చింది. మీ ఫోన్ ఏ వెర్షనో సెట్టింగ్స్‌లో అడుగున ఉండే ‘అబౌట్ ఫోన్’ నొక్కితే తెలుస్తుంది.

ఈ రెండు జవాబుల మధ్య తేడా పిల్లలకూ చెప్పండి. ‘ఈసారి మాత్రమే’ నొక్కితే గేమ్ మూసిన కొద్దిసేపటికే అనుమతి దానంతటదే పోతుంది, రేపు మళ్లీ అడుగుతుంది. ‘వాడుతున్నప్పుడు’ నొక్కితే గేమ్ తెరిచిన ప్రతిసారీ అనుమతి ఉన్నట్టే. కొత్త గేమ్‌కు మొదటి వారం ‘ఈసారి మాత్రమే’ ఇవ్వండి. ఏ పనికి అడుగుతోందో ఆ వారంలో బయటపడుతుంది. గేమ్ తెరవగానే, ఇంకా ఏ మ్యాచ్ మొదలుకాకుండానే అడిగితే అది పని కోసం అడుగుతున్నట్టు కాదు. వాయిస్ చాట్ బటన్ నొక్కినప్పుడు మైక్ అడిగితే అది న్యాయమైన అడగడం.

‘డోంట్ అలో’ నొక్కితే గేమ్ ఆగిపోతుందేమో అని చాలామంది భయపడతారు. ఒక్క పర్మిషన్ లేకపోతే మామూలుగా ఆ ఒక్క పని మాత్రమే ఆగుతుంది, ఆట ఆగదు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే పర్మిషన్‌కు రెండుసార్లు కాదంటే ఫోన్ ఇక ఆ ప్రశ్నను చూపించదు. తర్వాత అవసరం పడితే గేమ్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుని, ‘యాప్ ఇన్ఫో’లో ‘పర్మిషన్స్’ కు పోయి ఇచ్చుకోవచ్చు. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు కాదనడమే చవకైన జవాబు. దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బయటికి పోయిన ఫోటోనో ఓటీపీనో వెనక్కి తెచ్చుకోలేం.

మైక్, కెమెరా: ఇవ్వొచ్చు, కానీ గేమ్ తెరిచి ఉన్నంతసేపే

నలుగురు దోస్తులు స్క్వాడ్ కట్టి ఆడే ఆటలో మాట్లాడుకోవడానికి మైక్ కావాలి. దీనికి ‘వాడుతున్నప్పుడు’ ఇస్తే సరిపోతుంది. వెనకాల ఊరికే ఉన్న యాప్‌కు మైక్, కెమెరా అందకుండా ఆండ్రాయిడ్ 9 నుంచే కట్టడి ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ గానీ కెమెరా గానీ నడుస్తుంటే తెర కుడివైపు పైమూల ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. మ్యాచ్ అయిపోయినా ఆ చుక్క ఆరకపోతే గేమ్‌ను పూర్తిగా మూయండి.

మైక్‌తో అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. పిలగాడు ఆడుతుంటే పక్కన అమ్మ ఫోన్‌లో చెప్పే బ్యాంకు వివరాలు, ఇంటి మాటలు, గొడవలు అన్నీ ఎవరో తెలియని టీమ్‌మేట్‌కు వినిపిస్తాయి. వాళ్ల బూతులు వీడికి వినిపిస్తాయి. గేమ్ లోపలి సెట్టింగ్స్‌లో వాయిస్‌ను ‘అందరూ’ నుంచి ‘టీమ్’ కు మార్చండి. తెలిసినవాళ్లతో ఆడనప్పుడు మైక్ ఆపేయండి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో పైనుంచి కిందికి గీస్తే వచ్చే బటన్లలో మైక్, కెమెరా మొత్తానికి ఆపే బటన్లు కూడా పెట్టుకోవచ్చు.

కెమెరా విషయానికొస్తే, పోకెమాన్ గో లాంటి ఆటలో బొమ్మను మన వాకిట్లో నిలబెట్టి చూడాలంటే అది కావాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలన్నా కావాలి. మిగతా ఆటలకు దాదాపు అవసరం లేదు, ‘ఈసారి మాత్రమే’ చాలు.

ఫోటోలు: అసలు లెక్క గ్యాలరీలో ఏముందనేది

ప్రొఫైల్ బొమ్మ పెట్టుకోవడానికని గేమ్ ఫోటోలు అడుగుతుంది. మన గ్యాలరీలో ఉండేవి జాతర ఫోటోలు మాత్రమే కాదు. ఆధార్ ముందు వైపు, వెనక వైపు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మీసేవలో అడిగారని తీసిన ఏటీఎం కార్డు ఫోటో, అన్నీ అక్కడే పడి ఉంటాయి.

ఇక్కడ ఫోన్ వెర్షన్ చాలా తేడా తెస్తుంది. ఆండ్రాయిడ్ 12, అంతకన్నా పాతవాటిలో స్టోరేజ్ పర్మిషన్ ఇస్తే ఫోటోలన్నీ ఇచ్చినట్టే, సగం ఇవ్వడం ఉండదు. ఆండ్రాయిడ్ 13 లో ఫోటోలు, వీడియోలు ఒకవైపు, పాటలు ఒకవైపు విడిపోయాయి. ఆండ్రాయిడ్ 14 లో ‘ఎంచుకున్న ఫోటోలు మాత్రమే’ అనే జవాబు వచ్చింది. మీది 14 లేదా కొత్తది అయితే అదే నొక్కి ఒక్క బొమ్మ ఇవ్వండి. 13 లేదా పాతది అయితే కాదనండి, గేమ్ ఇచ్చే బొమ్మల్లోంచే ఒకటి పెట్టుకుంటాడు.

‘గేమ్ డౌన్‌లోడ్ కావాలంటే స్టోరేజ్ ఇవ్వాలట కదా’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. మ్యాపులు, స్కిన్లు దించుకోవడానికి ప్రతి గేమ్‌కు ఫోన్‌లో సొంత ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో రాసుకోవడానికి ఏ పర్మిషనూ అక్కర్లేదు. డౌన్‌లోడ్ సగంలో ఆగితే కారణం చాలాసార్లు ఫోన్‌లో జాగా లేకపోవడం. ‘ఆల్ ఫైల్స్ యాక్సెస్’ అడిగే గేమ్‌కు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి.

గేమ్ సంగతి ఎలా ఉన్నా, కార్డు, ఆధార్ ఫోటోలను గ్యాలరీలోంచి తీసేయండి. ‘ఫైల్స్ బై గూగుల్’ యాప్‌లో సేఫ్ ఫోల్డర్ ఉంది, పిన్ పెట్టి అందులో దాచుకోవచ్చు. ఆధార్ డిజిలాకర్‌లో ఉంటే ఫోటోనే అక్కర్లేదు.

లొకేషన్: ఎందుకు అడుగుతోందో కనిపెట్టడం తేలిక

నడుచుకుంటూ ఆడే పోకెమాన్ గో లాంటి ఆటకు లొకేషన్ లేకపోతే ఆటే లేదు. దానికి ‘వాడుతున్నప్పుడు’ ఇవ్వండి. లూడో, క్యారమ్, క్యాండీ ఆటలు, కార్ రేస్‌లకు మీరు మిర్యాలగూడలో ఉన్నారో గద్వాలలో ఉన్నారో తెలిసి చేసేదేమీ లేదు. ‘దగ్గర్లోని ఆటగాళ్లను చూపిస్తాం’ అంటే, మీ పిలగాడిని కూడా దగ్గర్లోని తెలియనివాళ్లకు చూపిస్తారని అర్థం. అది వద్దు. తప్పక ఇవ్వాల్సొస్తే ఆండ్రాయిడ్ 12 నుంచి ‘ప్రిసైజ్’ బదులు ‘అప్రాక్సిమేట్’ ఎంచుకోవచ్చు. ఇల్లు కాకుండా చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల ప్రాంతమే తెలుస్తుంది.

‘ఆడండి, క్యాష్ గెలవండి’ అనే ఆటల సంగతి వేరు. తెలంగాణలో 2017 లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ పైసల ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి పైసలు పెట్టి ఆడే గేమ్‌కు ఏ పర్మిషన్ ఇవ్వాలనే ప్రశ్నే రాదు, తీసేయాలి. ‘తెలంగాణలో నడవదు, ఫేక్ జీపీఎస్ పెట్టుకో’ అని నేర్పే టెలిగ్రామ్ గ్రూపుల నుంచి వచ్చిన ఏపీకే (ప్లే స్టోర్ బయట నుంచి వేసే యాప్ ఫైలు) అయితే ఈ రోజే తీసేయాలి.

కాంటాక్ట్స్, ఫోన్ కాల్స్: లాభం లేని బేరం

దోస్తులను కలపడానికి కాంటాక్ట్స్ అంటారు. లూడో కింగ్‌లో రూమ్ కోడ్ వాట్సాప్‌లో పంపితే చాలు, అవతలివాడు వచ్చి కూర్చుంటాడు. స్క్వాడ్ ఆటల్లో ప్లేయర్ ఐడీ కొడితే దొరుకుతాడు. కాంటాక్ట్స్ ఇస్తే పోయేది మీ ఒక్కరి వివరాలు కాదు. బ్యాంకు మిత్ర, వడ్ల సేటు, బిడ్డనిచ్చిన ఇంటివాళ్లు, ఆశా అక్క, అందరి నంబర్లూ వాళ్లను అడగకుండానే పోతాయి. అప్పు యాప్‌లు ఈ దారినే చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీశాయి. అందుకే రిజర్వ్ బ్యాంకు 2022 లో అప్పు యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్ ముట్టుకోవద్దని నిబంధన పెట్టింది. అప్పు ఇచ్చేవాడికే వద్దన్నది ఆట ఆడించేవాడికి ఎందుకు?

ఫోన్ పర్మిషన్ అడిగేటప్పుడు ‘కాల్ వస్తే గేమ్ ఆపడానికి’ అని చెబుతారు. అది తప్పుడు కారణం. కాల్ వచ్చినప్పుడు గేమ్‌ను పక్కకు జరిపేది ఫోనే, దానికి పర్మిషన్ అక్కర్లేదు.

ఎస్సెమ్మెస్: ఏ గేమ్‌కూ వద్దు

దీనికి మినహాయింపు లేదు. 2019 నుంచి ప్లే స్టోర్‌లో మెసేజ్‌లు, కాల్ లాగ్ చదివే అనుమతిని ముఖ్యంగా మెసేజింగ్, కాలింగ్ యాప్‌లకే పరిమితం చేశారు. మామూలు గేమ్‌కు అందులో చోటు లేదు. ఎస్సెమ్మెస్ అడుగుతోందంటే అది ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన సరుకే అనుకోవచ్చు. లాగిన్ ఓటీపీని ఆటోమేటిగ్గా చదవడానికి గూగుల్ ఇచ్చిన వేరే పద్ధతి ఉంది, అది ఆ ఒక్క మెసేజ్‌నే చూస్తుంది. లేదంటే ఆరు అంకెలు చేత్తో కొట్టుకోవచ్చు.

ఎందుకింత గట్టిగా చెప్పాలంటే, యూపీఐ యాప్ మిమ్మల్ని గుర్తుపట్టేది మీ సిమ్ నుంచి పోయే ఒక ఎస్సెమ్మెస్ ద్వారా. మెసేజ్‌లు పంపగలిగే, చదవగలిగే దొంగ యాప్ ఫోన్‌లో ఉంటే ఆ గుర్తింపును దొంగ తన ఫోన్‌లోకి లాక్కోవడానికి ప్రయత్నించగలడు. కొత్త యూపీఐ పిన్ పెట్టడానికి కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. లేదంటే ఆధార్ అంకెలు, ఓటీపీ కావాలి. అంకెలు గ్యాలరీ ఫోటోలో దొరుకుతాయి, ఓటీపీ మెసేజ్‌లో దొరుకుతుంది. ఫోటోలు ఒక్కటే ఇస్తే చిన్న తప్పు, ఎస్సెమ్మెస్ ఒక్కటే ఇస్తే పెద్ద తప్పు, రెండూ ఒకే యాప్‌కు ఇస్తే తాళం, తాళంచెవి కలిపి ఇచ్చినట్టు. అందుకే కొత్తగా ఒకటి ఇచ్చేముందు అదే యాప్‌కు ఇంతకుముందు ఏమిచ్చారో చూడాలి.

‘నోటిఫికేషన్ యాక్సెస్’ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పేరు మామూలుగా ఉంటుంది కానీ అది అన్ని యాప్‌ల నోటిఫికేషన్లనూ, అంటే పైన మెరిసే ఓటీపీలనూ చదివే అనుమతి. ఆండ్రాయిడ్ 13 నుంచి గేమ్ అడిగే ‘నోటిఫికేషన్లు పంపాలా’ అనేది వేరు, దానివల్ల పోయేది చదువుకునే సమయం మాత్రమే. అది కూడా పరీక్షల నెలలో ఆపేస్తే మంచిదే.

సెట్టింగ్స్ లోపలికి తీసుకుపోయి ఇప్పించేవి

తెర మీద చిన్న ప్రశ్నతో కాకుండా, ‘ఇక్కడ నొక్కు, అక్కడ ఆన్ చెయ్’ అని సెట్టింగ్స్ లోపలికి నడిపించేవి అన్నిటికన్నా ప్రమాదం. వాటిలో మొదటిది యాక్సెసిబిలిటీ. అది చూపు, కదలిక ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం పెట్టింది. తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఆటో హెడ్‌షాట్, ఆటో క్లిక్కర్ అని తిరిగే టూల్స్ దీన్నే అడుగుతాయి. ఇది చేతికొస్తే మిగతా పర్మిషన్లకు ‘అలో’ అదే నొక్కుకోగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి నుంచి వేసిన యాప్‌కు ఇది ఇవ్వబోతే ఫోన్ అడ్డుపడుతుంది. అప్పుడు వీడియో చూసి మూడు చుక్కల్లోకి పోయి ‘అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ నొక్కే పిల్లలున్నారు. ఫోన్ వేసిన ఆ అడ్డు ఊరికే వేసింది కాదు, దాన్ని తీయకండి.

‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’ ఇస్తే మీ యూపీఐ యాప్ మీద ఇంకో దొంగ తెర పరవొచ్చు. ‘డివైస్ అడ్మిన్’ ఇస్తే ఆ యాప్‌ను తర్వాత తీసేయబోయినా పోదు. ఇక పింగ్ (మనం నొక్కింది గేమ్ సర్వర్‌కు పోయి వచ్చే ఆలస్యం) తగ్గిస్తామని వీపీఎన్ అడిగే బూస్టర్లు: నల్లమల అంచు ఊళ్లలో పింగ్ పెరిగేది టవర్ దూరం వల్ల, సిగ్నల్ బలహీనం కావడం వల్ల. దాన్ని ఏ యాప్ దగ్గరికి తేలేదు. మీ నెట్ మొత్తం మాత్రం వాళ్ల సర్వర్ గుండా పోతుంది.

ఆట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునేవాళ్లు ఫోన్‌తో వచ్చిన స్క్రీన్ రికార్డర్ వాడండి. బయటి యాప్‌కు స్క్రీన్ రికార్డింగ్ ఇస్తే మధ్యలో వచ్చే మెసేజ్‌లూ దానికి కనిపిస్తాయి.

ప్లే స్టోరా, దోస్తు పంపిన ఏపీకేనా

పర్మిషన్ల లెక్క సగం ఇక్కడే తేలిపోతుంది. ప్లే స్టోర్ గేమ్ అన్నీ మంచివని కాదు గానీ, దించకముందే ‘అబౌట్ దిస్ యాప్’ లో అడుగున పర్మిషన్ల జాబితా చూడొచ్చు, ‘డేటా సేఫ్టీ’ చదవొచ్చు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేకు ఆ వీలు లేదు. పాత పద్ధతిలో తయారుచేసిన ఏపీకేలు పాత ఫోన్లలో ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే అన్ని పర్మిషన్లూ ఒకేసారి తీసుకునేవి. ఆండ్రాయిడ్ 14 అలాంటివాటిని వేయనివ్వడమే మానేసింది.

అన్‌లిమిటెడ్ డైమండ్స్ మాడ్ (ఎవరో మార్చిన గేమ్ ఫైలు) అనేది ఉత్త మాట. డైమండ్లు, యూసీ అనే ఆట పైసల లెక్క కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, మన ఫోన్‌లోని ఫైలు మార్చితే పెరగదు. ఫ్రీ ఫైర్‌ను కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిలిపేసింది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే ఇంకో గేమ్ మాత్రం మిగిలింది. ఇప్పుడు పాత ఫ్రీ ఫైర్ అని ఎవరైనా ఫైలు పంపితే అది ఎవరి చేతులు దాటి వచ్చిందో పంపినవాడికీ తెలియదు. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ వెతికి వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్ మూడింటికీ ఆపేయండి.

వీలైతే వేరే ఫోన్

మూలకు పడేసిన పాత ఫోన్ ఉంటే అదే మంచి దారి. ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, సిమ్ వేయకండి, ఆట కోసం కొత్త గూగుల్ ఖాతా తెరవండి, పైసల యాప్ ఒక్కటీ పెట్టకండి. నెట్‌కు హాట్‌స్పాట్ ఇవ్వండి. ఇందులో మైక్, ఫోటోలు ఇచ్చినా భయం తక్కువ. బరువైన ఆటలు 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో ఆగి ఆగి నడుస్తాయని పిలగాడు గొణుగుతాడు, అది నిజమే.

పాత ఫోన్ లేకపోతే రెడ్‌మీ ఫోన్లు చాలావాటిలో ‘సెకండ్ స్పేస్’ ఉంటుంది. వేరే పాస్‌వర్డ్‌తో వేరే గది లాంటిది. గేమ్‌లు అక్కడ, గ్యాలరీ, యూపీఐ ఇక్కడ. సిమ్ మాత్రం ఒక్కటే కాబట్టి ఎస్సెమ్మెస్ విషయంలో ఈ గోడను నమ్ముకోకండి. రెండూ కుదరకపోతే ఫోన్ ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో ‘యాప్ పిన్నింగ్’ ఆన్ చేసి, పిన్ అడిగేలా పెట్టి, గేమ్‌ను తెర మీద కట్టేసి ఇవ్వండి. మీ పిన్ లేకుండా దాంట్లోంచి బయటికి రాలేడు.

నెలకోసారి సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ’, అందులో ‘పర్మిషన్ మేనేజర్’ తెరవండి. ముందు ఎస్సెమ్మెస్ నొక్కి అందులో ఏ గేమ్ పేరూ లేదని చూడండి, తర్వాత కాంటాక్ట్స్, ఫోటోలు, లొకేషన్. ఐదు నిమిషాల పని.

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే

తెలియని ఏపీకేకు ఎస్సెమ్మెస్ గానీ యాక్సెసిబిలిటీ గానీ ఇచ్చినట్టు తేలితే ముందు ఏరోప్లేన్ మోడ్ వేయండి, వైఫై కూడా ఆపండి. తీసేయడానికి తొందరపడేకన్నా ఇది ముందు, ఎందుకంటే నెట్ ఉన్నంతసేపు మెసేజ్‌లు బయటికి పోతూనే ఉంటాయి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, కార్డు ఆపించండి. పైసలు పోయి ఉంటే అదే నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు చేయండి. పోయిన పైసలు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ ఆపండి, డివైస్ అడ్మిన్‌లో దాని టిక్కు తీయండి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పోనంటే పవర్ బటన్‌తో వచ్చే మెనూలో పవర్ ఆఫ్‌ను నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ వస్తుంది. అందులో బయటి యాప్‌లు నడవవు కాబట్టి తీసేయొచ్చు. అనుమానం మిగిలితే ఫోటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. గూగుల్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మాత్రం ఆ ఫోన్ శుభ్రం కాకముందు అందులోంచి మార్చకండి. యాప్ పేరు, అది వచ్చిన వాట్సాప్ నంబరు, బ్యాంకు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు రీసెట్‌కు ముందే ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, స్టేషన్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు అవే అడుగుతారు.